సోమవారం తిరిగి పెట్టాలి

స్ఫాక్స్,
అక్టోబర్ 6

తైయెబ్ మామయ్యకి,

నెబీహా నమస్కారాలు. అమ్మ బాగానే ఉంది, నిన్ను తిట్టడంలో ఏ లోటూ లేదు. "వాడికి ఫోను కొనిస్తే చేపలకి ఎరగా వేస్తాడు, ఉత్తరమే రాయి" అంది. ఇరవై ఆరేళ్లు కంప్యూటర్ తెర చూశాను, ఇక సముద్రం చూస్తానని నువ్వు పడవెక్కి ఐదేళ్లయింది. ఇప్పుడు ఆ తెర సంగతే రాయాల్సి వచ్చింది. ఏమనుకోకు.

మన మందుల కంపెనీ గోదాములో మబ్రూక్ గుర్తున్నాడా? లేబుళ్ల బల్ల దగ్గర కూర్చుంటాడు, మీసాలాయన. ఆయన్ని సెప్టెంబర్ 24న పనిలోంచి ఆపేశారు.

జరిగింది ఇది. ఆగస్టులో చల్లగది ఒకటి ఆరు గంటలు ఆగిపోయింది. అందులో ఉన్న ఇన్సులిన్ పెట్టెలన్నిటినీ సిస్టంలో "ఆపి ఉంచిన సరుకు" అని గుర్తు పెట్టారు. అలా గుర్తు పెట్టిన సరుకుని విడుదల చేసే హక్కు నాణ్యత విభాగం డాక్టరుకి ఒక్కరికే ఉంది. కానీ సెప్టెంబర్‌లో ఒక రోజు ఆ పెట్టెలు "విడుదల" అయిపోయాయి. మర్నాడు వేరే షిఫ్టు వాళ్లు లారీకెక్కించారు. గఫ్సాలో ఒక బడిపంతులమ్మ ఆ మందు వాడి, చక్కెర దిగక నాలుగు రోజులు ఆస్పత్రిలో ఉంది. కోలుకుంది, దేవుడి దయ. అక్కడి ఫార్మసిస్టు అనుమానించి మిగతావి ఆపేశాడు.

విడుదల చేసినవారి పేరు దగ్గర మబ్రూక్ యూజర్ పేరే ఉంది. ఆయనకి ఆ హక్కు లేదు. "లేని హక్కు ఎలా వచ్చింది? ఎవరితోనో కుమ్మక్కయ్యాడు" అంటున్నారు పైవాళ్లు. ఆయన మాత్రం ఒకటే మాట: "నేను లేబుళ్లు ముద్రించానమ్మా, అంతే."

మా ఆడిట్ అధికారి ఫౌజియా మేడమ్ ఈ పని నాకు అప్పగించింది. సాఫ్ట్‌వేర్‌తో పాటు వచ్చిన తెరలు ఏ పని చేసేముందైనా "నీకు ఇది చేసే అనుమతి ఉందా" అని అడుగుతాయి. మన కంపెనీ సొంతంగా రాయించుకున్నవి, ఆ జెడ్ అక్షరంతో మొదలయ్యేవి, రాసినవాడు అడగమని రాస్తేనే అడుగుతాయి. అలాంటివి నాలుగు వందల పన్నెండు ఉన్నాయి. వాటిలో ఏవి అడుగుతాయో, ఏవి అడగవో చూడాలి. సగం నీ కాలంలోవే. ఎక్కడ మొదలుపెట్టమంటావు?

నీ
నెబీహా


రమ్లా, కెర్కెన్నా
అక్టోబర్ 13

తల్లీ నెబీహా,

నీ ఉత్తరం తెచ్చిన పోస్టుమాన్ "ఏం సీ తైయెబ్ గారూ, మంత్రిగారు రాశారా" అని ఎగతాళి చేశాడు. కవరు అంత లావుగా ఉంది మరి. మీ అమ్మకి చెప్పు, చేపలకి నా ఫోను కంటే మంచి ఎర దొరుకుతోందని.

మబ్రూక్ గుర్తుండకపోవడమేమిటి? ఎనిమిదేళ్లు ఒకే వంటగదిలో కాఫీ తాగాం. పంచదార ఎక్కువ పోసుకుంటాడని రోజూ తిట్టేవాణ్ణి. ఆయన చేసి ఉండడు. ఈ మాట నేను రాశానని మీ మేడమ్‌కి కూడా చెప్పు.

ఇక పని. జాబితా పట్టుకుని ఒకటి నుంచి నాలుగు వందల పన్నెండు దాకా చదవకు. కళ్లు పోతాయి, ఏమీ దొరకదు. వాటిలో చాలావరకు ఊరికే చూపించేవి, చూపిస్తే చూపించనీ. ముందు దేన్నైనా మార్చేవి, చెరిపేవి, విడుదల చేసేవి విడిగా తియ్యి. అరవై మించవు. వాటిలో రోజూ ఎవరు దేన్ని వాడుతున్నారో లెక్క తీయించు. తర్వాత ప్రతిదాని లోపల "అనుమతి ఉందా" అని అడిగే వాక్యం ఉందో లేదో చూడు. వాక్యం కనిపించగానే సంబరపడకు. కొన్ని అడుగుతాయి కానీ జవాబు వినవు. లేదన్నా సరే, పని కానిచ్చేస్తాయి. జవాబు తర్వాత ఏం జరుగుతోందో కూడా చదువు.

అన్నిటికంటే ముఖ్యం, కాగితాలు చదివి ఊరుకోకు. గోదాముకి వెళ్లి వాళ్ల పక్కన కూర్చో. వాళ్ల వేళ్లు ఏ మీట మీద పడుతున్నాయో చూడు. ఆఫీసులో రాసినవాడికి తన తెర ఎలా వాడుతున్నారో తెలియదు.

నేను ఆక్టోపస్ పట్టే కుండలకి తాళ్లు కడుతున్నాను, ఆక్టోపస్‌ల కాలం వస్తోంది. చేపల కోసం సముద్రంలో కట్టిన మట్టల దడి ఒక పక్క అలలకి ఒరిగింది, పొద్దున్నే దానితోనే సరిపోతోంది. ఎండబెట్టినవి మీ అమ్మకి పంపిస్తాను.

ఆశీస్సులతో
తైయెబ్ మామయ్య


స్ఫాక్స్,
అక్టోబర్ 28

మామయ్యా,

నీ చేయి ముద్దుపెట్టుకోవాలి. దొరికింది!

నువ్వు చెప్పినట్టే చేశాను. మార్చేవి యాభై ఎనిమిది తేలాయి. మూడు రోజులు గోదాములో కూర్చున్నాను. మబ్రూక్ స్థానంలో వచ్చినావిడ మొదటి రోజు నన్ను చూసి "ఏంటమ్మా, ఇప్పుడు నా వంతా?" అంది. రెండో రోజు తన డబ్బాలోంచి కాక్ రొట్టె పెట్టింది. మూడో రోజు లేబుళ్ల తెర తెరిచి, చిరిగిన లేబులు మళ్లీ ముద్రించడం చూపించింది. సరుకు నంబరు కొట్టి, సేవ్ మీట నొక్కింది. లేబులు వచ్చింది.

"సేవ్ ఎందుకు? ముద్రించు అనే మీట ఉంది కదా" అన్నాను.

"అది నొక్కితే ఒకటే వస్తుంది. ఇది నొక్కితే అన్నీ ఒకేసారి వస్తాయి. అందరం ఇదే నొక్కుతాం. మబ్రూకే నేర్పాడు, ఆయనకి అంతకుముందువాళ్లు నేర్పారు."

ఆ తెర అసలు నాణ్యత విభాగం డాక్టరు కోసం చేసినది. డాక్టరు సేవ్ నొక్కితే సరుకు విడుదలవుతుంది, వెంటనే లేబుళ్లు కూడా వస్తాయి. గోదాము వాళ్లకి అదే తెరలో ముద్రించడానికి మాత్రమే చోటిచ్చారు. మామూలు సరుకుకి ఎవరు సేవ్ నొక్కినా నష్టం లేదు, అది ముందే విడుదలై ఉంటుంది. ఆపి ఉంచిన సరుకుకి లేబుళ్లు మళ్లీ ముద్రించే అవసరం ఎప్పుడోగానీ రాదు. సెప్టెంబర్‌లో వచ్చింది. చల్లగది తేమకి లేబుళ్లు ఊడిపోయాయి. మబ్రూక్ రోజూ నొక్కే మీటే నొక్కాడు.

పరీక్ష సిస్టంలో నేనే చేసి చూశాను. తెర నన్నేమీ అడగలేదు. లోపల చదివితే, అడిగే వాక్యం ఉంది. ఎవరో దాని ముందు నక్షత్రం గుర్తు పెట్టి పనిచేయకుండా చేశారు. పక్కన రాసి ఉంది: "తాత్కాలికం. సోమవారం తిరిగి పెట్టాలి." ఏ సోమవారమో, ఎవరి సోమవారమో లేదు.

చివరగా మార్చినవారి పేరు షుక్రీది. నీ తర్వాత వచ్చిన ప్రోగ్రామరు. పాపం ముఖం పాలిపోయింది. "నేను లేబులు వెడల్పు మార్చానంతే, దేవుడి మీద ఒట్టు" అంటున్నాడు. ఫౌజియా మేడమ్ నవంబర్ 20లోగా పేరు కావాలంది. పేరు లేనిదే మబ్రూక్‌ని వెనక్కి తీసుకోరు. పైవాళ్లకి ఒకరి బదులు ఒకరు ఉండాలి కదా.

ఆ నక్షత్రం ఎవరు పెట్టారో నీకేమైనా గుర్తుందా?

నీ
నెబీహా


రమ్లా
నవంబర్ 5

నెబీహా,

ఉత్తరం అందింది. మొన్నటి గాలికి పడవలు రెండు రోజులు నడవలేదు, అందుకే ఆలస్యం.

పాత ప్రోగ్రాములు తల్లీ, ఎన్ని చేతులు పడి ఉంటాయో. ఎవరో ఏదో అవసరానికి పెట్టి మరిచిపోయి ఉంటారు. అలాంటివి ఎక్కడైనా జరుగుతాయి. కన్నం కనిపించింది కదా, పూడ్చేస్తే సరి. పేరుతో పనేముంది? సాఫ్ట్‌వేర్ తప్పని రాస్తే మబ్రూక్ బయటపడతాడు, షుక్రీ కూడా బయటపడతాడు.

దడి సరిచేశాను. మొదటి ఆక్టోపస్ నిన్న పడింది, చిన్నది, వదిలేశాను. మోకాలు నొప్పిగా ఉంది.

అమ్మని అడిగానని చెప్పు.

తైయెబ్


స్ఫాక్స్,
నవంబర్ 11

గౌరవనీయులైన మామయ్య గారికి,

మీ ఉత్తరం చేరింది. మోకాలికి మందు ఈ కవరులోనే పెట్టాను.

సిస్టం ప్రోగ్రాముల పాత రూపాల్ని కూడా దాచి ఉంచుతుందని మీకు నేను చెప్పనక్కర్లేదు. మీరే నాకు నేర్పారు. నేను షుక్రీ మార్పుకి ముందున్నవన్నీ ఒక్కొక్కటే తెరిచి చూశాను. నక్షత్రం మొదటిసారి కనిపించిన రూపం పదమూడేళ్ల కిందటిది. జనవరి 19, బుధవారం, మధ్యాహ్నం రెండు గంటల నలభై నిమిషాలు. మార్చినవారి పేరు దగ్గర మీ పేరుంది.

ఈ విషయం నిన్న ఫౌజియా మేడమ్‌కి చెప్పాను. ఆయన మా మేనమామ, ఈ ఫైలు నా చేతిలో ఉండకూడదని కూడా చెప్పాను. ఆమె ఫైలు మూసింది. తర్వాత "నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు, నెబీహా" అంది. "తెలుసు మేడమ్" అన్నాను. ట్యూనిస్ ఆఫీసు నుంచి వేరే మనిషి వస్తున్నాడు. 19వ తేదీన విచారణ. మీకు పిలుపు వస్తుంది. వెళ్లాలా వద్దా అన్నది మీ ఇష్టం. కంపెనీ వదిలేసినవాళ్లని ఎవరూ బలవంతపెట్టలేరు.

పిలుపు కంటే ముందు నా నోటితోనే మీకు తెలియాలని ఈ ఉత్తరం. ఏమీ అడగడం లేదు. ఒక్క సంగతి మాత్రం రాస్తాను. నిన్న మబ్రూక్ తన సామాను కోసం వచ్చాడు. ఆపేసి నలభై ఏడో రోజు. కాఫీ కప్పు, చలికోటు సంచిలో వేసుకున్నాడు. వాచ్‌మన్ ఆ సంచి విప్పి చూశాడు. పదేళ్లుగా ఆయన్ని అన్నా అని పిలిచే వాచ్‌మన్. మబ్రూక్ చేతులు పక్కకి పెట్టి నిలబడ్డాడు. నేను మెట్ల మీద ఉన్నాను. దిగలేకపోయాను.

అమ్మకి ఏమీ చెప్పలేదు.

నెబీహా


రమ్లా
నవంబర్ 15

నెబీహా తల్లికి,

ఉత్తరమంతా "మీరు" అని రాశావు. పుట్టినప్పటినుంచీ నువ్వు నన్ను అలా పిలవలేదు. మూడుసార్లు చదివాను, మూడుసార్లూ అక్కడే ఆగాను. నీ తప్పేం లేదు.

జరిగింది రాస్తాను. ఈ ఉత్తరం ఎవరికి చూపించాలనుకుంటే వాళ్లకి చూపించు.

అవి విప్లవం నాటి కర్ఫ్యూ రోజులు. రోడ్లు మూసేశారు. అప్పటి నాణ్యత విభాగం డాక్టర్ ఎల్లూమి మహదియాలో తన పుట్టింట్లో ఇరుక్కుపోయింది. గోదాములో డయాలసిస్ ద్రవం నిండా ఉంది, పరీక్షలన్నీ అయ్యాయి, ఆమె ఒక్క మీట నొక్కితే బయటికి పోతుంది. కస్రీన్ ఆస్పత్రి నుంచి ఫోను మీద ఫోను. ఆమె కూడా ఫోను చేసింది: "తైయెబ్, కాగితం మీద సంతకం పెట్టేశాను. సిస్టంలోకి రాలేను. ఏదో ఒకటి చెయ్యి, మనుషులు చచ్చిపోతారు." ఒక గోదాము మనిషికి ఆ ఒక్కరోజుకి హక్కు ఇవ్వడం సరైన దారి. దానికి ఇద్దరి ఆమోదం కావాలి, ఆ ఇద్దరూ లేరు. నక్షత్రం పెట్టాను. మూడు లారీలు సైన్యం వెంట వెళ్లాయి. ఆ పనికి నేను ఈ రోజుకీ సిగ్గుపడను.

సిగ్గుపడేది దాని తర్వాతది. "ఎవరో మరిచిపోయి ఉంటారు" అని కిందటి ఉత్తరంలో రాశాను. అది అబద్ధం. నేను మరిచిపోలేదు.

సోమవారం పొద్దున్నే ఆఫీసుకి వచ్చి ఆ ప్రోగ్రాం తెరిచాను. నక్షత్రం చెరిపెయ్యాలి, ఒక్క మీట. అప్పుడే గోదాము నుంచి ఒకతను లోపలికి వచ్చాడు. "సీ తైయెబ్, నీకు దండం పెట్టాలి. డాక్టరమ్మ ఎప్పుడొస్తుందా అని లారీ పక్కన నిలబడి కాళ్లు పడిపోయేవి. ఇప్పుడు హాయిగా ఉంది" అన్నాడు. నవ్వాను. ప్రోగ్రాం మూసేశాను. వచ్చే సోమవారం చూద్దాంలే అనుకున్నాను. ఆ సోమవారం కూడా గుర్తుంది. ఆ తర్వాత గుర్తు చేసుకోవడం మానేశాను. గోదాములోకి వెళ్తే అందరూ లేచి కుర్చీ ఇచ్చేవాళ్లు. ఆ కుర్చీ నాకు నచ్చింది, తల్లీ. ఇంతకంటే పెద్ద కారణం ఏమీ లేదు.

ఇంకో రెండున్నాయి. మీ ట్యూనిస్ మనిషికి దొరకడానికి నెలలు పట్టొచ్చు, నేనే చెబుతున్నాను. గడువు తేదీ సరిచేసే తెర: అది అనుమతి అడుగుతుంది, జవాబు వినదు. తిరిగొచ్చిన సరుకు చేర్చుకునే తెర: అది ఒక్క ఊరి గోదాము పేరు మీదే అడుగుతుంది, మిగతా ఊళ్ల గోదాముల్ని వదిలేస్తుంది. రెండూ నేను రాసినవే. మొదటిది తొందరలో రాశాను. రెండోదానికి సాకు లేదు.

19న మొదటి పడవకి వస్తాను. రేవుకి రావద్దు. మీ అమ్మకి నేనే చెబుతాను.

తైయెబ్ మామయ్య


స్ఫాక్స్,
నవంబర్ 30

మామయ్యా,

విచారణ గదిలోకి నన్ను రానివ్వలేదు, అది న్యాయమే. ఫౌజియా మేడమ్ చెప్పింది. ట్యూనిస్ మనిషి "మీ జ్ఞాపకం ఇన్నేళ్ల తర్వాత పొరపడి ఉండొచ్చు కదా" అని నీకు దారి కూడా ఇచ్చాడట. "పొరపడలేదు, రాసుకోండి" అన్నావట. అది విని మేడమ్ కలం కింద పెట్టేసిందట.

అమ్మకి నువ్వు చెప్పిన రోజు నేను ఇంట్లోనే ఉన్నాను, తెలుసు కదా. నువ్వు వెళ్లాక రెండు రోజులు అమ్మ గిన్నెలు తోముతూనే ఉంది. మూడో రోజు "వాడు చిన్నప్పుడు కూడా పగలగొట్టిన గిన్నె అటక మీద దాచేవాడు. కానీ అడిగితే చెప్పేవాడు" అంది. తర్వాత ఏడ్చింది.

మబ్రూక్ 25న పనిలోకి వచ్చాడు. షుక్రీ మీద ఉన్న నోటీసు వెనక్కి తీసుకున్నారు. ఎవరూ సంబరాలు చేయలేదు, ఆయనకీ అది ఇష్టం లేదనుకుంటాను. రాగానే చల్లగది దగ్గరికి వెళ్లి ఉష్ణోగ్రత చూసుకున్నాడు. కొత్త ప్రోగ్రామరమ్మాయి ఆ వాక్యం తిరిగి పెట్టింది. పనిచేస్తోందో లేదో మబ్రూక్ యూజర్ పేరుతోనే చూడాలి. ఆయన్నే నొక్కమన్నారు. నొక్కాడు. "ఈ పనికి మీకు అనుమతి లేదు" అని వచ్చింది. చాలాసేపు చూశాడు. "ఈ ముక్క ఆ రోజే అని ఉంటే సరిపోయేది కదా" అన్నాడు.

నువ్వు చెప్పిన రెండూ సరిచేశారు. యాభై ఎనిమిదిలో ఇంకా పదకొండు అడగనివి తేలాయి. అవి నీవి కావు. మొదటి అంతస్తు శిక్షణ గది తలుపు మీద నీ పేరు పలక తీసేశారు. నీకు వేరేవాళ్లు చెప్పేకన్నా నేను చెప్పడం మంచిదని రాస్తున్నాను.

నీ మీద కోపం వచ్చింది. ఇంకా కొంచెం ఉంది. ఆక్టోపస్ ఎండినవి పంపిస్తానని పంపలేదు, దానికి కూడా.

నీ
నెబీహా


రమ్లా
డిసెంబర్ 8

తల్లీ,

పలక సంగతి చెప్పి మంచి పని చేశావు. ఆ గదిలో కుర్రవాళ్లకి ఏం నేర్పానో ఇప్పుడు తలుచుకుంటే నాకే సిగ్గేస్తోంది.

కిందటి ఆదివారం స్ఫాక్స్ వచ్చాను. మీకు చెప్పలేదు. తిన్నగా మబ్రూక్ ఇంటికి వెళ్లాను. తలుపు ఆయన కొడుకు తీశాడు, ముప్పై ఏళ్లవాడు, తండ్రి పోలికే. నా పేరు చెప్పగానే లోపలికి రమ్మనకుండా "నాన్నా" అని పిలిచాడు. మబ్రూక్ వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు.

చెప్పాల్సింది చెప్పాను. విచారణలో చెప్పినదాని కంటే తక్కువ మాటలే పట్టాయి.

"అరవై రెండు రోజులు, సీ తైయెబ్" అన్నాడు.

"తెలుసు."

"తెలియదు. నా భార్య ఒక్కసారి కూడా అడగలేదు, చేశావా అని. వీడు అడిగాడు." కొడుకు ఆయన వెనకే ఉన్నాడు. "ఒక్కసారే. నిజం చెప్పు నాన్నా, ఎవరైనా చేయిస్తే చేశావా అని. కాదన్నాను, నమ్మాడు. కానీ అడిగాడు కదా. అది నువ్వు నాకు వాపసు ఇవ్వగలవా?"

"ఇవ్వలేను" అన్నాను.

ఆ అబ్బాయి నేల చూపులు చూస్తున్నాడు. లోపలి నుంచి ఆవిడ కేక వేసింది: "గుమ్మంలో ఏం పంచాయతీ? కుస్‌కుస్ చల్లారిపోతోంది, ఆయన్ని కూర్చోబెట్టు."

"కోపం పోలేదు, ముందే చెబుతున్నాను" అన్నాడు మబ్రూక్. "తిన్నాక కూడా పోదు."

"సరే" అన్నాను.

ఒకే పెద్ద పళ్లెం చుట్టూ కూర్చున్నాం. మబ్రూక్ చేప విప్పి, ముళ్లు ఏరి, మొదటి ముక్క కొడుకు వైపు జరిపాడు. రెండోది నా వైపు.

నీ మామయ్య
తైయెబ్